రెండో దెబ్బ

నేను ఒక ఇనుప స్టూలుని. రెండు మెట్లు, నాలుగు కాళ్లు, పైన ఒక గరుకు రేకు, తొమ్మిది కిలోల బరువు. ప్రస్తుతం ఉంటున్నది కోర్టు వెనక, కేసుల సామాన్లు దాచే ప్రాపర్టీ గదిలో. నాకు ఎడమ పక్కన ఒక గొడ్డలి, కుడి పక్కన పగిలిన హెల్మెట్. ఈ గదిలో మేమందరం ఎవరో ఒకరి మీద పడ్డవాళ్లమే. గొడ్డలిది హత్య కేసు కాబట్టి దానికి కాస్త టెక్కు. నాది ఉత్త గాయాల కేసని నన్ను చిన్నచూపు చూస్తుంది. చూడనీ. దాన్ని ఎత్తిందెవరో మొదటి రోజే తేలిపోయింది. నన్ను ఎత్తిందెవరో తేలడానికి రెండేళ్ల మూడు నెలలు పట్టింది.

నేను పుట్టిందే దెబ్బల్లో. వెల్డింగు షాపు ఓదెలు ఒక పాత గేటును కట్టరుతో ముక్కలు చేసి, ఆ ముక్కల్ని సుత్తితో మోది మోది, నిప్పురవ్వల మధ్య ఒకదానికొకటి అతికించాడు. ఆ పూట అతనికి పక్క షాపతనితో బండి పెట్టే జాగా గురించి గొడవ నడుస్తోంది. నా నాలుగో కాలు కోసేటప్పుడు అతని చూపు నా మీద లేదు, రోడ్డవతల నిలబడి తిడుతున్న మనిషి మీద ఉంది. అందుకే ఆ కాలు బొటనవేలు మందం కురచ. ఎక్కడ నిలబెట్టినా టక్కుమంటాను. ఓదెలు నన్ను ఒకసారి ఊపి చూసి, పనికొస్తుందిలే అని, సుత్తి పట్టుకుని రోడ్డు దాటాడు. అవతల ఏమైందో నాకు కనబడలేదు కానీ వినబడింది.

నన్ను మొదట కొన్నది కల్లు కాంపౌండు యజమాని. అక్కడ నా మీద కూర్చున్నవాళ్లకంటే నన్ను విసిరినవాళ్లే ఎక్కువ. ఒకతని ముందుపన్ను రాలగొట్టాను. ఇంకొకతని మోకాలి చిప్ప పగలగొట్టాను. పంచాయితీ కూర్చున్నప్పుడు మాత్రం ప్రతివాడూ తల గోక్కుంటూ, మాటా మాటా పెరిగింది, స్టూలు తగిలింది అనేవాడు. నేనే రెక్కలు కట్టుకుని ఎగిరిపోయి తగిలినట్టు. కొట్టినవాడు కొట్టానని ఒప్పుకోగా నా జన్మలో చూడలేదు. ఇనుమును కదా, మోశాను. మంట మాత్రం ఉండేది.

రోడ్డు వెడల్పులో కాంపౌండు పోయింది. లచ్చయ్య అనే అటెండరు నన్ను సైకిలు వెనక కట్టుకుని జిల్లా గ్రంథాలయానికి తెచ్చాడు. అక్కడి చెక్క నిచ్చెన విరిగిపోయి పై అరలు అందడం లేదట. ఊరి పేరెందుకు, ఏ జిల్లాకు పోయినా అలాంటి భవనం ఒకటి ఉంటుంది. సరస్వతి ఉండే చోటు, ఇక నాకు శాంతి దొరుకుతుంది అనుకున్నాను. ఎంత అమాయకత్వం.

ఆ గ్రంథాలయానికి కథల పుస్తకాల కోసం వచ్చేవాళ్లు పది మంది ఉంటే, ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు రెండు వందల మంది. పొద్దున ఎనిమిదికే టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, కింద వేసుకోవడానికి ఒక దిండుతో గేటు దగ్గర నిలబడేవాళ్లు. గేటు తెరిస్తే తొక్కిసలాట. పాలిటీకి అందరూ చదివే పుస్తకం మూడు కాపీలు, ఎకానమీది రెండు. అందుకని అక్కడ ఒక అలవాటు పుట్టింది. సాయంత్రం పోయేముందు ఎవడి పుస్తకాన్ని వాడు ఎవరూ వెతకని చోట దాచిపెట్టి పోవాలి. ఉర్దూ నిఘంటువుల వెనక, పాత గెజిట్ల మధ్య, పశువుల వైద్యం అరలో. దొంగతనం కాదు కదా, పుస్తకం గ్రంథాలయంలోనే ఉంది కదా అని వాళ్ల వాదన. అందరూ చేసేదే కాబట్టి ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయరు. మర్నాడు పుస్తకం దాచిన చోట లేకపోతే మాత్రం ఊరుకోరు. 'నిశ్శబ్దము పాటించండి' అనే బోర్డు కింద రోజూ ఎన్ని చొక్కా గుండీలు తెగిపడేవో లచ్చయ్య చీపురుకే తెలుసు.

అక్కడికి కాంట్రాక్టు మీద అసిస్టెంటుగా వచ్చింది కొలిపాక వినోద. గ్రంథాలయ శాస్త్రం చదివింది, ముప్పై దాటలేదు, సన్నగా ఉంటుంది, గొంతు ఎత్తి మాట్లాడదు. చేరిన నెలకే ఒక పొద్దున ఎకానమీ పుస్తకం గురించి ఇద్దరు కలబడ్డారు. ఒకడి పెదవి చీలి రక్తం టేబుల్ మీద పడింది. ఆ పుస్తకం మధ్యాహ్నానికి తోటపని పుస్తకాల వెనక దొరికింది. వినోద నీళ్ల ఫిల్టరు దగ్గర ఆ పిల్లవాడి మూతి కడిగి, వచ్చి నా మీద కూర్చుంది. పుస్తకం ఎక్కడుందో ఫోనులో అందరికీ కనబడితే ఈ కొట్లాట ఉండదు అని ఆమెకు తోచింది ఆ పూటే. పిచ్చిది, మనుషులు పుస్తకం కనబడక కొట్టుకుంటున్నారని నమ్మింది.

మర్నాటి నుంచి మ్యాపు పని మొదలైంది. కొలవడానికి టేపు లేదు. నన్నే నేల మీద పడుకోబెట్టి, ఒకదాని చివర ఒకటిగా పొర్లిస్తూ హాలు కొలిచింది. ఈ గోడ నుంచి ఆ గోడకు నలభై రెండు స్టూళ్లు. ర్యాకుకూ ర్యాకుకూ మధ్య రెండు స్టూళ్లు. గళ్ల కాగితం మీద ఒక గడి అంటే ఒక నేను. చిత్తు కాగితాలు మడిచి నా కురచకాలి కింద పెట్టి, పైకెక్కి, ప్రతి అరలో ప్రతి పుస్తకం నంబరూ ఫోనులోకి ఎక్కించేది. నా మీద మనిషి తూలకుండా నిలబడడం అప్పటివరకు నాకు తెలియదు.

మొదటి మ్యాపు ఎవరికీ అర్థం కాలేదు. ఉత్తరం పైకి పెట్టి గీసింది, అరల నంబర్లు వేసింది. కుర్రాళ్లు ఫోను తలకిందులుగా పట్టుకుని బాత్రూం గోడ ముందు నిలబడ్డారు. ఇక అది చింపేసి, తలుపు కిందివైపు ఉండేట్టు మళ్లీ గీసింది, అందరూ తలుపులోంచే వస్తారు కదా అని. నంబర్ల బదులు ఆ హాల్లో వాళ్లు చెప్పుకునే ఆనవాళ్లే రాసింది. కిర్రుమనే ఫ్యాను కింద, ఫిల్టరు పక్కన, పగిలిన అద్దం కిటికీ దగ్గర. పుస్తకం పేరు కొడితే ఒక ఎర్ర చుక్క వెలగాలి, తలుపు నుంచి అక్కడికి ఒక గీత పడాలి. ఈసారి గీత చక్కగా పడింది.

ఆ పనిలో ఆమెకు సాయపడినవాడు గాజుల శ్రీశైలం. ముప్పై ఆరేళ్లు. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు. వయసు పరిమితికి ఇదే ఆఖరి నోటిఫికేషన్ అని అందరికీ తెలుసు, అందుకే అతనితో ఎవరూ పోటీ గురించి మాట్లాడరు. వినోద పై మెట్టెక్కినప్పుడల్లా లేచి వచ్చి, నా కురచకాలి మీద తన కాలు వేసి తొక్కి పట్టేవాడు. ఆమెను చెల్లె అని పిలిచేవాడు. ముప్పై ఒకటో ర్యాకు దగ్గర మాత్రం అతని ముఖం మారింది.

"అవి పాత గెజిట్లు చెల్లె. ఎవ్వరు చూడరు. ఇడిసిపెట్టు" అన్నాడు.

ఆమె వదల్లేదు. గ్రంథపాలకుడు మురహరి సార్ పని మొదలుపెట్టిన రోజే ఆమెకు ఒక సూత్రం చెప్పాడు. ఆ శాఖలో పుస్తకాల తనిఖీకి ఉన్న ఒకే ఒక పద్ధతి అది. ఏ పుస్తకాన్నీ కదపకూడదు, ఎక్కడున్నది అక్కడే ఉన్నట్టు రాయాలి, సర్దడం తర్వాత. ముప్పై ఏళ్లుగా అలాగే జరుగుతోంది. వినోద బుద్ధిగా అలాగే రాసింది. గెజిట్ల వెనక చేయి పెట్టినప్పుడు పాలిటీ పుస్తకం తగిలింది. అంచుల నిండా పెన్సిలు రాతలు. మూడేళ్లుగా శ్రీశైలం రోజూ దాస్తూ రోజూ తీస్తూ రాసుకున్న రాతలవి. గ్రంథాలయం పుస్తకం మీద రాయడం తప్పే, కానీ నోట్సంతా అందులోనే ఉంది. కింద అతని కాలు నా మీద గట్టిగా నొక్కుకుంది. ఆమెకు అది ఎవరిదో తెలియదు. నంబరు చూసింది, ర్యాకు ముప్పై ఒకటి, పై అర అని ఫోనులో కొట్టింది, పుస్తకాన్ని అక్కడే పెట్టింది.

మీకు అర్థమైందిగా ఏం జరిగిందో. దాచిన పుస్తకాలన్నీ దాచిన చోటే మ్యాపులోకి ఎక్కాయి. ఉండవలసిన చోటు ఒక్కదానికీ లేదు. మూడు వారాల్లో ఆ పిల్ల రెండు వందల మంది గుట్టును ఎర్ర చుక్కలుగా మార్చింది, అది ఆమెకూ తోచలేదు, మురహరి సారుకూ తోచలేదు.

పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక సోమవారం పది గంటలకు, గేటు తెరవగానే, దాచినవి ఎవరూ ఇంకా తీయకముందే మ్యాపు విడుదలైంది. నోటీసు బోర్డు మీద స్కాన్ చేసే కాగితం అంటించారు. మురహరి సార్ చిన్న ఉపన్యాసం ఇచ్చి చప్పట్లు కొట్టించుకుని తన గదికి పోయాడు. పది నిమిషాలు హాలంతా వేళ్లు ఫోన్ల మీద ఆడాయి. తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడు. ఒక్కసారిగా అందరూ లేచారు. ఒకడు దాచిన చోట ఇంకొకడు, వాడు దాచిన చోట మరొకడు. పశువుల వైద్యం దగ్గర ఇద్దరు ఒకే పుస్తకాన్ని చెరో అట్ట పట్టుకుని లాగి రెండుగా చింపారు. ఉర్దూ నిఘంటువుల ర్యాకు ఊగింది. ఎవరో ఎవరి మెడ మీదో కొట్టారు, ఎవరి కళ్లద్దాలో నా కాళ్ల దగ్గర పడి నలిగాయి. కల్లు కాంపౌండులో కూడా ఇంతమంది ఒకేసారి కొట్టుకోగా చూడలేదు, అక్కడ కనీసం తాగి కొట్టుకునేవాళ్లు.

నేను ముప్పై ఒకటో ర్యాకు దగ్గరే ఉన్నాను. అన్వేష్ అనే పాతికేళ్లవాడు ముగ్గురు స్నేహితులతో వచ్చాడు. ఎర్ర చుక్క చూసుకుని నా మీదెక్కి గెజిట్లు తోసేసి ఆ పాలిటీ పుస్తకం తీశాడు. దిగి పేజీలు తిప్పుతూ నవ్వాడు, ఎవడో మొత్తం రాసిపెట్టిండురా అని. శ్రీశైలం అప్పుడే వచ్చాడు. ఇవ్వు అన్నాడు. నీ పేరున్నదా అని వాడు అడిగాడు. శ్రీశైలం చేయి చాచాడు. అన్వేష్ పుస్తకాన్ని వెనక్కి దాచి, ఇంకెన్నేండ్లు రాస్తవన్నా, ముసలోనివైనవ్, మాకిడిసిపెట్టు అన్నాడు.

మొదటి చెంపదెబ్బ శ్రీశైలానిదే. అది దాచను. కానీ తర్వాత నలుగురు ఒకరి మీద పడ్డారు. ర్యాకు అంచుకు కొట్టుకుని అతని కనుబొమ్మ చీలింది, రక్తం కంట్లోకి దిగింది. కింద పడ్డాడు. ముగ్గురు కాళ్లతో పక్కటెముకల మీద తన్నారు. అన్వేష్ ఛాతీ మీద కూర్చుని ముంజేయి గొంతుకు అడ్డంగా పెట్టి నొక్కాడు. శ్రీశైలం మడమలు నేల మీద కొట్టుకున్నాయి, తర్వాత కొట్టుకోవడం తగ్గింది. వినోద వచ్చి అరిచింది. ఒకడి చొక్కా పట్టి లాగింది, వాడు విదిలించేసరికి వెళ్లి గోడకు తగిలింది.

లేచి నన్ను ఎత్తింది. తొమ్మిది కిలోలను రెండు చేతులా తలపైకి ఎత్తింది. నా అంచు అన్వేష్ వెనక భుజం మీద పడింది. ఎముక శబ్దం నాకు కొత్త కాదు. వాడి ముంజేయి జారింది, శ్రీశైలం గొంతులోకి గాలి గర్రుమంటూ దూరింది. మిగతా ముగ్గురూ వెనక్కి జరిగారు. అక్కడితో అయిపోవాలి. అన్వేష్ అప్పటికే పక్కకు ఒరిగి, ఎవరు కొడుతున్నారో కూడా చూడకుండా, కళ్లు మూసుకుని కుడిచేయి అడ్డం పెట్టాడు. వినోద మళ్లీ ఎత్తింది. ఆ చేతి మీద వేసింది. వేళ్లు నా కాలికీ ర్యాకు ఇనుముకూ మధ్య నలిగాయి.

రెండో దెబ్బ అవసరం లేదు. కల్లు కాంపౌండు నుంచి దెబ్బల తూకం తెలిసినదాన్ని, నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. నన్ను నేల మీద వదిలేసి తన అరచేతుల వంక చూసుకుని, వెనక్కి అడుగులేస్తూ ర్యాకుల మధ్య నుంచి వెళ్లిపోయింది. అదే సమయానికి శ్రీశైలం రక్తం నిండిన కళ్లతో, లేవడానికి ఆసరా కోసం తడుముకుంటూ నా కాలు పట్టుకున్నాడు. జనం వచ్చి చూసింది ఆ దృశ్యం.

ఇక చెప్పేదేముంది. ముగ్గురు స్నేహితులకు ఒక ఆడమనిషి చేతిలో తమవాడు దెబ్బతిన్నాడని చెప్పుకోవడం నామోషీ. శ్రీశైలమే కొట్టాడన్నారు. అన్వేష్ చూడలేదు, వాళ్లు చెప్పింది నమ్మాడు. అన్నిటికంటే వింత ఏమిటంటే శ్రీశైలం కూడా నమ్మాడు. ఆ క్షణంలో వాడిని చంపేయాలనే అనుకున్నాడు కాబట్టి, కొట్టిన్నేమో సార్, నాకు సోయి లేదు అని ఇన్‌స్పెక్టరుకు చెప్పాడు. వినోదను అడిగితే, మురహరి సార్ ఆమెకంటే ముందే, ఆ అమ్మాయి లోపల లేదు అన్నాడు. కాంట్రాక్టు పిల్ల, ఎందుకు గొడవ అని అతని మంచితనం. ఆమె తల ఊపింది. ఆ తల ఊపడం నాకు పట్టరాని కోపం తెప్పించింది. నలభై రెండు సార్లు నన్ను పొర్లించి అంగుళం తేడా రాకుండా రాసిన మనిషి, ఆ ఒక్కటి తప్పు చోట రాయించింది. నా కాలికి చీటీ కట్టారు, ముద్దాయి శ్రీశైలం వాడిన ఆయుధం అని.

తర్వాతి సంగతులు నాకు కోర్టు కానిస్టేబుళ్ల కబుర్లలో తెలిశాయి. కనుబొమ్మకు ఏడు కుట్లతో శ్రీశైలం పరీక్ష రాశాడు. అన్వేష్ రాయలేకపోయాడు, రెండు వేళ్లు ఇప్పటికీ మడతపడవు. ఏడాదిన్నరకు ఫలితాలొచ్చాయి. శ్రీశైలం పేరు ఎంపిక జాబితాలో ఉంది. కానీ పోలీసు విచారణలో కేసు నడుస్తున్నట్టు తేలి ఉద్యోగం ఆగింది. శిక్ష పడితే ఇక లేనట్టే. వయసు దాటిపోయింది, మళ్లీ రాసే వీల్లేదు. ఇటు వినోద ఆ మ్యాపును తీసేయమన్నా తీసేయలేదట. ప్రతి పుస్తకాన్నీ దాని చోట సర్ది, మొదటి నుంచి మళ్లీ ఎక్కించిందట. ఇప్పుడది బాగానే పనిచేస్తోందని ఒక కానిస్టేబులు చెప్పాడు, అతని కొడుకు అక్కడే చదువుతున్నాడు.

సాక్షుల విచారణ రోజు నన్ను మోసుకుపోయి కోర్టు హాల్లో ఒక బల్ల మీద పెట్టారు. బల్ల కదిలినప్పుడల్లా టక్కు టక్కుమన్నాను. ముద్దాయి బోనులో శ్రీశైలం, జుట్టు సగం నెరిసింది. వెనక బెంచీలో అన్వేష్, కుడిచేయి జేబులో. మురహరి సార్ తర్వాత వినోదను పిలిచారు. ఆమె లోపల లేదని, ఏమీ చూడలేదని చెప్పి దిగిపోవాలి, అంతే పని. ప్రభుత్వ వకీలు గడియారం చూసుకుంటూ ఈ స్టూలును గుర్తుపడతారా అని అడిగాడు.

ఆమె నా దగ్గరకొచ్చింది. నేను టక్కుమన్నాను. చేతిలోని సమన్ల కాగితాన్ని, తనకు తెలియకుండానే కావచ్చు, నాలుగు మడతలు వేసి నా కురచకాలి కింద పెట్టింది. నేను కదలకుండా నిలబడ్డాను.

"గుర్తుపడత సార్. దీన్ని ఆరోజు ఎత్తింది శ్రీశైలమన్న కాదు. ఆయన కింద పడి ఉన్నడు. ఎత్తింది నేను."

వకీలు కాగితాలు వెతుక్కున్నాడు. మురహరి సార్ లేచి మళ్లీ కూర్చున్నాడు. ఈ మాట నీ మీదికే తిరిగొస్తుందమ్మా, చెప్పి తీరాలన్న బలవంతం లేదు, ఆలోచించుకో అన్నాడు జడ్జి. ఆమె ఆలోచించుకోవలసిందంతా రెండేళ్ల మూడు నెలలు ఆలోచించుకునే వచ్చింది.

"ఉన్నది ఉన్నట్టు రాసుకోండి సార్. రెండుసార్లు కొట్టిన. మొదటిది ఆయన పానం పోతదని కొట్టిన. రెండోది అక్కెర లేకుండె. నా పనంతా పాడుచేసిండ్రని కోపంతోటి కొట్టిన. ఆ పిల్లగాని చెయ్యి నేనే ఇరగ్గొట్టిన."

అన్వేష్ జేబులోంచి చేయి తీసి ఆ రెండు వేళ్ల వంక చూసుకున్నాడు. బోనులో శ్రీశైలం తన అరచేతులను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. రెండేళ్లుగా అవి ఒక పిల్లవాడి చేయి విరిచిన చేతులని నమ్మి అన్నం తిన్నాడు. అతను ఏడుస్తుంటే కానిస్టేబులు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

శ్రీశైలాన్ని నెల తర్వాత వదిలేశారు, ఆగిన ఉద్యోగమూ వచ్చింది. వినోద మీద కొత్త కేసు నడుస్తోంది. ఆమె కాంట్రాక్టు పోయింది. కాపాడడానికి కొట్టిందని ఆమె వకీలు అంటున్నాడట, మొదటి దెబ్బకు ఆ మాట సరిపోతుంది, రెండోదానికి సరిపోదు. ఏమవుతుందో నాకూ తెలియదు. వాయిదాలకు శ్రీశైలం ఉద్యోగానికి సెలవు పెట్టి వస్తున్నాడట, ఆమె పక్కన నిలబడడానికి.

కోర్టు గుమస్తా నా కాలికున్న పాత చీటీ తెంపి కొత్తది కట్టాడు. కొలిపాక వినోద వాడినది అని రాసి ఉంది. గొడ్డలి దాన్ని రెండుసార్లు చదివింది. నా కాలి కింద ఆ మడతపెట్టిన కాగితం ఇంకా ఉంది, గదికి తెచ్చేటప్పుడు గుమస్తా దాన్ని కూడా తెచ్చి అక్కడే పెట్టాడు.